సినిమా చూస్తూ మాట్లాడితే తప్పేంటి?

సినిమా చూసేటప్పుడు మాట్లాడేవాళ్ళంటే చాలామందికి చిరాకు. హాల్లో అయితే నాకూ చిరాకే. డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు వెనక వరసలో మన వంకాయకూర కబుర్లు ఎందుకు వినాలి? కానీ ఇంట్లో? మన సోఫా, మన టీవీ, మన రిమోటు. చేతిలో ఒలవాల్సిన చిక్కుడుకాయలు, పక్కన అత్తగారు, కింద చాప మీద బోర్లా పడుకున్న అమ్మాయి. ఇక్కడ కూడా నోరు కట్టుకుని చూడాలంటే ఇంక ఇంట్లో చూడటం దేనికండీ?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత సినిమాని ఇంట్లో ఆపుకుంటూ, తిట్టుకుంటూ, మెచ్చుకుంటూ, మధ్యలో లేచి కుక్కర్ కట్టేసి వస్తూ చూడాలి. ఎందుకంటే ఇంట్లో ఆడవాళ్ళం నేరుగా అనలేని మాటలు కొన్ని ఉంటాయి. అత్తగారితో కోడలు అనలేనివి, కొడుకుతో తల్లి అనలేనివి, తల్లితో కూతురు అనలేనివి. వాటిని సినిమాలో మనిషి మీద పెట్టి అనేయొచ్చు. సావిత్రిని అంటే ఎవరికి కోపం వస్తుంది? సూర్యకాంతాన్ని సమర్థిస్తే ఎవరు దెబ్బలాడతారు?

మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం, మూడు రకాల ప్రేక్షకులం. మా అత్తయ్యగారి చిన్నతనంలో సినిమా అంటే ఊరి బయట టూరింగ్ టాకీసు. సాయంత్రం వంట తొందరగా ముగించుకుని, పిల్లల్ని వెంటేసుకుని, బండి కట్టించుకుని వెళ్ళేవారట. నేల టికెట్లో ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. ఒకే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. ఆ ఆగినంతసేపూ ఆడవాళ్ళ వైపు ఒకటే గోల అని ఆవిడ ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. అంటే ఆపి మాట్లాడుకోవడం మనం కొత్తగా కనిపెట్టిందేమీ కాదన్నమాట!

నా చిన్నప్పుడు దూరదర్శన్. శుక్రవారం చిత్రలహరి, వారానికొక తెలుగు సినిమా. మా వీధిలో ఒకరింట్లోనే టీవీ ఉండేది. పాతికమందిమి వాళ్ళ ముందుగదిలో సర్దుకుని కూర్చునేవాళ్ళం. ఇంటాయన పడక్కుర్చీలో ఉండేవారు కాబట్టి ఎవరం కిక్కురుమనేవాళ్ళం కాదు. ఏడుపొచ్చినా పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకునే ఏడ్చేవారు మా అమ్మావాళ్ళు.

మా అమ్మాయిది ఇంకో లోకం. సినిమా అంటే ఫోనులో, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఒంటరిగా. కథ నెమ్మదిగా ఉంటే ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తుంది. ఒకసారి 'మల్లీశ్వరి' అలా చూడబోతే అత్తయ్యగారు అడ్డుపడ్డారు. "భానుమతి పాటని పరుగెత్తిస్తావుటే!" అని ఆవిడ బాధపడిన తీరు చూస్తే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. అసలు ఈ పిల్ల పాత సినిమాల వైపు చూసిందే 2018లో 'మహానటి' వచ్చాక. కీర్తి సురేశ్‌ని చూసి, ఇంతకీ అసలు సావిత్రి ఎలా ఉండేదో చూద్దామని మొదలుపెట్టింది. అలా మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పాత సినిమా అలవాటైంది. చాలావరకు యూట్యూబ్‌లోనే దొరుకుతున్నాయి కాబట్టి ఖర్చూ లేదు.

మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. ఎవరైనా సినిమా ఆపొచ్చు, కానీ ఎందుకు ఆపారో చెప్పాలి.

మొదట చూసింది 'గుండమ్మ కథ'. 1962లో ఆ సినిమా వచ్చేసరికి అత్తయ్యగారికి పన్నెండేళ్ళు. కథ మీకందరికీ తెలిసిందే. గుండమ్మ సవతి కూతురు లక్ష్మి, అంటే సావిత్రి, ఇంటెడు చాకిరీ చేస్తుంది. సొంత కూతురు సరోజ, అంటే జమున, అద్దం ముందు నుంచి కదలదు. ఎన్టీ రామారావు అంజి అనే పనివాడి వేషంలో ఆ ఇంట్లో చేరతాడు. రుబ్బురోలు దగ్గర ఆయన పిండి రుబ్బుతూ పాడే పాట ఉంది చూడండి, దాన్ని ఇష్టపడని తెలుగు ఆడది ఉండదు. నాకూ ప్రాణం ఆ పాటంటే. అంత పెద్ద హీరో కూర్చుని పొత్రం తిప్పుతుంటే కడుపు నిండిపోతుంది.

మొదట రిమోటు నొక్కింది నేనే. "ఆయన రుబ్బుతున్నాడు సరే, పెళ్ళయ్యాక రుబ్బాడా?" అన్నాను. అత్తయ్యగారు నవ్వారు. మా వారు పేపరు మడిచి పక్కన పెట్టారు. నిజమే కదండీ, అది వేషం కట్టినప్పటి పని. పిల్లని దగ్గర చేసుకోవడానికి చేసిన పని. అసలు రంగు బయటపడ్డాక ఆయన జమీందారు కొడుకు. ఇంక ఆయన చెయ్యి పిండిలో ఎందుకు పెడతాడు? మన ఇళ్ళలో కూడా అంతేగా! పెళ్ళైన కొత్తలో కాఫీ కలిపిచ్చిన కథ ఇరవయ్యేళ్ళు చెప్పుకునే మగవాళ్ళున్నారు.

రెండోసారి ఆపింది మా అమ్మాయి. సరోజ పొగరు దించడానికి ఆమెని కట్టుబట్టలతో ఇల్లు వదిలించి, తోటపని చేసి బతికేలా చేస్తారు కదా. అక్కడ ఆపింది. "అమ్మా, సరోజకి పని చెప్పడం శిక్ష అయితే, లక్ష్మి ఇన్నేళ్ళూ చేసింది ఏమిటి?" అంది.

నేను ఆ సినిమా ఎన్నిసార్లు చూసుంటానో లెక్కలేదు. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. అదే చాకిరీ లక్ష్మి చేస్తే మంచి గుణం, సరోజ చేస్తే తగిన శాస్తి! ఇంటిపని అంత గొప్పదైతే శిక్షగా ఎందుకు వేస్తారు? శిక్షగా వేయదగ్గంత కష్టమైతే లక్ష్మిని చూసి మనం అబ్బ ఎంత అణకువో అని మురిసిపోవడం ఎందుకు? ఇంట్లో ఉండే ఆడవాళ్ళ గురించి లోకం రెండు నాలుకలతో మాట్లాడుతుందని నాకు ఎప్పటినుంచో ఒక గుర్రు. మా అమ్మాయి ఒక్క ప్రశ్నతో దాన్ని పట్టుకుంది. పట్టుకుని ఊరుకోలేదు, ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే టిఫిను గిన్నెలు కడిగింది. తమ్ముడిని కూడా లాక్కొచ్చి తుడిపించింది. అది అట్టే రోజులు సాగలేదనుకోండి, ఆ సంగతి వేరే.

మూడోసారి ఆపింది అత్తయ్యగారు. సూర్యకాంతం నడుం మీద చెయ్యేసి ఇంటిమీదకొచ్చిన వాడిని దులిపేస్తున్న చోట. "అందరూ గుండమ్మని గయ్యాళి అంటారు గానీ," అన్నారావిడ, "మొగుడు పోయిన ఆడది. చేతిలో ఆస్తి. చుట్టూ ఘంటయ్య లాంటివాళ్ళు. గట్టిగా అరవకపోతే ఆ ఇల్లు మిగిలేదా?"

నేను ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేకపోయాను. ఎందుకంటే మా మామగారు పోయేనాటికి మా వారికి పద్నాలుగేళ్ళు. ఆవిడ నోరు పెద్దదని మా పెళ్ళినాటికే బంధువుల్లో పేరు. నన్ను చాలామంది హెచ్చరించారు కూడా. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ తన గురించి తాను ఒక్క మాట చెప్పుకోలేదు. ఆరోజు కూడా చెప్పలేదు. గుండమ్మ గురించి చెప్పారంతే. ఆ తర్వాత ఆవిడ గొంతు పెంచినప్పుడు నా చెవులకి అది కాస్త వేరేగా వినిపిస్తోంది. సూర్యకాంతం ఎంత బాగా చేసిందంటే ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడమే మానేశారని మనవాళ్ళు చెప్పుకుంటారు. నటనకి అది మెచ్చుకోలే. కానీ గట్టిగా మాట్లాడే ఆడదాన్ని చూసి నవ్వడం కూడా మనం ఆ సినిమాల్లోనే నేర్చుకున్నాం.

తర్వాత 'మిస్సమ్మ' చూశాం. 1955 నాటిది, ఎల్.వి. ప్రసాద్ తీసింది. ముందు భానుమతితో మొదలుపెట్టి, తర్వాత ఆ వేషం సావిత్రికి ఇచ్చారంటారు. భార్యాభర్తలైన ఇద్దరు గ్రాడ్యుయేట్లకే మాస్టరుద్యోగాలు ఇస్తామని అప్పాపురం జమీందారు ప్రకటన ఇస్తాడు. అప్పు తీర్చాల్సిన మేరీ, ఉద్యోగం కావాల్సిన ఎం.టి. రావు మొగుడూపెళ్ళాలుగా నాటకమాడి చేరతారు. ఇప్పుడు చూస్తే నాకు అబ్బురమనిపించింది ఏమిటో చెప్పనా? సినిమా మొత్తం హీరోయిన్‌కి కోపం! ఎవరినీ మంచి చేసుకోవాలని చూడదు. జమీందారిణి ముద్దుచేసినా విసుక్కుంటుంది. బొట్టు పెట్టుకోమంటే మండిపడుతుంది. అయినా మనకి ఆమె మీద ఇష్టం తగ్గదు. ఇవాళ హీరోయిన్‌ని ఇంత చిరాగ్గా చూపించే ధైర్యం ఎంతమందికి ఉంది? తల్లిదండ్రుల బరువు మోస్తూ, పరాయి ఊళ్ళో, లేని మొగుడిని ఉన్నాడని చెబుతూ బతికే పిల్లకి చిరాకు రాక ఏం వస్తుంది? సంపాదించే ఆడపిల్ల అలసటని అరవయ్యేడేళ్ళ... కాదు, డెబ్భై ఏళ్ళ కిందటే అంత సరదాగా చూపించారు.

కానీ ముగింపు దగ్గర మా అమ్మాయి పెదవి విరిచింది. మేరీ నిజానికి జమీందారుగారి తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలిపోతుంది. దాంతో మతం చిక్కు విడిపోతుంది, అప్పు చిక్కు విడిపోతుంది. "మేరీ మేరీగానే ఉండి పెళ్ళి చేసుకుంటే ఏమయ్యేది?" అంది. ఆ రోజుల్లో అంతకంటే తియ్యలేరులే అని నేను సర్దిచెప్పబోయాను. అది వినకుండా ఇంకోటి అడిగింది. "పెళ్ళయ్యాక ఆవిడ బడిలో పాఠం చెప్పిందా, మానేసిందా?"

సినిమా ఆ సంగతి చెప్పదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ అనిపించలేదు, చూసిన మనకి కూడా. ఆ ప్రశ్న నా బుర్రలో ఉండిపోయింది. నేను పెళ్ళికి ముందు రెండేళ్ళు ఒక చిన్న స్కూల్లో పాఠాలు చెప్పాను. పెళ్ళయ్యాక మానేశాను. నన్ను కూడా ఎవరూ అడగలేదు. ఎవరి మీదా ఫిర్యాదు కాదిది. నా ఇల్లంటే నాకిష్టం, ఈ ఇంటి పని నేను ఇష్టపడే చేస్తున్నాను. కానీ అడిగి ఉంటే బాగుండేదని మాత్రం ఉంది. ఆ మాట మా అమ్మాయితో ఆ సాయంత్రం అన్నాను. దానికి ఇరవై ఏళ్ళు. నేను ఒకప్పుడు టీచర్నని దానికి తెలుసు. మానేయడం గురించి నేనేమనుకుంటానో మాత్రం ఆరోజే తెలిసింది.

దానికి జోడీగా బాపు, రమణల 'పెళ్ళి పుస్తకం' చూడండి. 1991లో వచ్చింది. 'మిస్సమ్మ'ని తిరగేసిన కథ. ఇందులో నిజంగా పెళ్ళైన ఇద్దరు, ఉద్యోగాల కోసం పెళ్ళికానివాళ్ళలా నటిస్తారు. ఆ సినిమాలో పాట లేకుండా మన పెళ్ళి వీడియో ఉంటుందా అసలు! నాకు మాత్రం పాటకంటే వాళ్ళిద్దరి మధ్య గిల్లికజ్జాలు ఎక్కువ ఇష్టం. మొగుడూపెళ్ళాలు ఒకే చోట పనిచేస్తూ ఒకరికొకరు తెలియనట్టు ఉండాల్సి వస్తే, ఎవరికి ముందు ఒళ్ళు మండుతుందో చక్కగా చూపించారు. దివ్యవాణి కళ్ళు చూస్తే చాలు.

అన్నీ ఇలా మురిసిపోతూ చూశామనుకోకండి. కొన్ని చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

'శుభలగ్నం' వచ్చింది 1994లో. కోటి రూపాయలకి భార్య తన భర్తని ఇంకో ఆమెకి ఇచ్చేసే కథ. జగపతిబాబు, ఆమని, రోజా. హాల్లో ఆడవాళ్ళందరం ఆమనిని తిట్టుకుంటూ బయటికొచ్చాం. ఆ తర్వాత ఎన్నేళ్ళో, ఏ భార్య ఏమడిగినా మగవాళ్ళకి అదొక వేళాకోళం అయిపోయింది. ఒక మిక్సీ అడిగినా, "నన్ను అమ్మేసుకుని కొనుక్కో" అనేవారు. మొన్న మళ్ళీ చూస్తుంటే ఆమని నటన ఎంత బాగుందో అనిపించింది. అయినా మధ్యలో ఆపి అడిగాను. మనిషిని కొన్నది డబ్బున్నావిడ. తప్పంతా అమ్మినావిడదే ఎలా అయింది? నలుగురు ఉన్నట్టు ఉండాలని కోరుకున్న మధ్యతరగతి ఇల్లాలిని అంతగా ఏడిపిస్తేగాని బుద్ధి రాదా? భార్య కోరికని దురాశ అనడం ఎంత తేలికో! అదే భర్తకి కారు మీద మనసైతే దానికి పేరు 'ఎదుగుదల'.

మా వారు అప్పుడు ఒక్క మాటన్నారు. "నేను కూడా ఆ మాట అన్నాను కదూ, వాషింగ్ మెషీన్ అడిగినప్పుడు." అన్నారు. నేనేమీ అనలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉన్నాను.

'ముత్యాలముగ్గు' సంగతి ఇంకా కష్టం. 1975 నాటి బాపుగారి సినిమా. ప్రతి ఫ్రేమూ గోడకి తగిలించుకోవచ్చు. రావు గోపాలరావు కాంట్రాక్టరు మాటలు మా వారికి నోటికొచ్చు. ఆ ఇంటి కోడలి గదిలో పరాయి మగవాడు ఉన్నట్టు దుర్మార్గులు నాటకం ఆడిస్తారు. భర్త నమ్మేస్తాడు. కడుపుతో ఉన్న మనిషి ఇల్లు విడిచిపోతుంది. పుట్టిన కవలలు పెద్దవాళ్ళై అమ్మానాన్నల్ని కలిపేదాకా అంతే. ఉత్తర రామాయణాన్ని కోనసీమ పచ్చదనంలో పెట్టి తీశారు, కాదనను. సంగీత ముఖం చూస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అయినా ఆపాను. "ఒక్క మాట అడిగుండొచ్చు కదా ఆయన!" అన్నాను. అత్తయ్యగారు సర్దుకుని కూర్చున్నారు. "అడిగితే కథెక్కడిదే?" అన్నారు ముందు. కాసేపాగి, "అడగని ఇళ్ళు చాలా ఉన్నాయిలే. పిల్లలు వచ్చి కలపని ఇళ్ళు కూడా," అన్నారు. ఎవరి గురించో నేనడగలేదు. ఆవిడ చెప్పలేదు. మా అమ్మాయి మాత్రం నానమ్మ కాళ్ళ దగ్గరికి జరిగి కూర్చుంది.

ఇన్ని చెప్పాక అసలు విషయానికి వస్తాను. 'మాయాబజార్'.

1957లో కె.వి. రెడ్డిగారు తీసిన ఆ సినిమా గురించి కొత్తగా చెప్పడానికి ఏముంది అనుకుంటాం. వివాహభోజనం, లడ్డూలు ఎగిరి నోట్లో పడటం, మార్కస్ బార్ట్‌లే కెమెరా, పింగళి మాటలు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడక. 2010లో రంగులేసి విడుదల చేస్తే మళ్ళీ వెళ్ళి చూశాం. పిల్లలకి చూపిస్తే ఘటోత్కచుడు రాగానే చప్పట్లు. అందుకే దాన్ని మనం పిల్లల సినిమాగా, మాయల సినిమాగా గుర్తుపెట్టుకుంటాం.

ఇంట్లో నెమ్మదిగా చూస్తే అందులో ఉన్నది వేరే సినిమా. పుట్టింటి సినిమా.

పాండవులు రాజ్యం పోగొట్టుకుని అడవులపాలయ్యారు. సుభద్ర కొడుకుని తీసుకుని పుట్టింటికి, ద్వారకకి వస్తుంది. శశిరేఖని అభిమన్యుడికిస్తామని ఎప్పటినుంచో అనుకున్న మాట. భాగ్యం ఉన్నన్నాళ్ళూ రేవతి, అంటే బలరాముడి భార్య, వదినగారూ అంటూ పొంగిపోయింది. భాగ్యం పోగానే చూపు మారిపోయింది. పెద్దగా అరవదు, గెంటెయ్యదు. మాటలో చిన్న తేడా, చూపులో చిన్న తేడా. అటు దుర్యోధనుడి సంబంధం రాగానే కొత్త ఉత్సాహం. ఛాయాదేవి ఆ తేడాని చూపించిన తీరు చూడండి, మన ఇళ్ళలో ఎక్కడో చూసినట్టే ఉంటుంది. బలరాముడు చెడ్డవాడు కాదు, చెల్లెలంటే ప్రేమే. కానీ భార్య చెప్పింది కాదనలేడు, గొప్ప సంబంధం వదులుకోలేడు. అభిమానం దెబ్బతిన్న సుభద్ర కొడుకుని తీసుకుని బయటికి నడుస్తుంది. ఋష్యేంద్రమణి ముఖంలో ఏడుపుకంటే రోషమే ఎక్కువ కనిపిస్తుంది నాకు.

తర్వాత ఆమెకి చోటిచ్చింది ఎవరు? అడవిలో హిడింబ. భర్త అన్నగారి భార్య, అదీ రాక్షసి. ఆ హిడింబ వేషం వేసింది ఎవరో గుర్తుందా? మన సూర్యకాంతం! రాజభవనంలో సొంత వదినె ముఖం తిప్పుకుంటే, అడవిలో రాక్షసి తోడికోడలు ఎదురొచ్చి తీసుకెళ్ళింది. నలభై ఏళ్ళుగా చూస్తున్న సినిమాలో నేను ఇది పట్టించుకోలేదంటే చూడండి. లడ్డూల మీదే ఉంది ధ్యాసంతా.

ఆరోజు రిమోటు నొక్కింది అత్తయ్యగారు. సుభద్ర గడప దాటుతున్న చోట బొమ్మ ఆగిపోయింది. నియమం ప్రకారం ఎందుకు ఆపారో చెప్పాలి. ఆవిడ వెంటనే చెప్పలేదు. చివరికి, "పుట్టింట్లో ఆడపిల్లకి అన్నం పెట్టరని కాదు. పెట్టే చెయ్యి బరువెక్కుతుంది. అది తినేవాళ్ళకే తెలుస్తుంది," అన్నారు.

మా గదిలో చప్పుడు లేదు. ఎందుకో మీకు చెప్పాలి. మా ఆడపడుచు వాళ్ళ వ్యాపారం అంతకు ముందు ఏడాది దెబ్బతింది. ఉన్న ఇల్లు అమ్మి అద్దెకి మారారు. అంతకు ముందు వారానికి రెండుసార్లు ఫోన్లు. తర్వాత నెలకొకటి. ఆమె చెయ్యడం తగ్గించింది, మేమూ తగ్గించాం. ఎక్కడ డబ్బు అడుగుతుందో అని మా వారికి మనసులో ఒక భయం ఉండేది. ఆమె ఎప్పుడూ అడగలేదు. ఎక్కడ అడుగుతుందనుకుంటామో అని ఆమెకి భయం ఉండుంటుంది. అత్తయ్యగారు ఇద్దరి మధ్యా నలిగిపోతూ, కొడుకుతో ఆ మాట ఎత్తలేక, కూతురితో రాత్రిపూట గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. నేను ఎత్తితే వదినగారి పెత్తనం అవుతుందేమోనని ఊరుకున్నాను. అలా ఒక ఇంట్లో నలుగురం ఒకే విషయం గురించి ఆలోచిస్తూ, ఒక్కరం కూడా నోరు విప్పకుండా సంవత్సరం గడిపేశాం.

ఆవిడ తన కొడుకుని ఏమీ అనలేదు. బలరాముడిని కూడా అనలేదు. సుభద్ర గురించి చెప్పారు. మా వారు కాసేపు ఆగిపోయిన బొమ్మ వైపే చూశారు. "పెట్టమ్మా, చూద్దాం," అన్నారు. సినిమా అయ్యాక బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు ఫోన్ మాట్లాడారు. ఏం మాట్లాడారో నేను వినలేదు, వినకూడదు కూడా. ఆ సంక్రాంతికి మా ఆడపడుచు పిల్లలతో వచ్చి పది రోజులుంది. వాళ్ళ కష్టాలు తీరిపోలేదు, సినిమాలోలాగా మాయ చేసే మేనల్లుడు మాకెవరూ లేడు. కానీ ఇప్పుడు ఫోన్ మోగితే ఎవరికీ భయం లేదు.

"సినిమాని సినిమాలా చూడొచ్చుగా" అని చాలామంది అంటారు. మా వారు కూడా మొదట్లో అనేవారు. సరదాకి చూసేదానిలో ఈ పోస్టుమార్టం ఎందుకని. నేననేది, సరదా ఎక్కడికీ పోదు. రుబ్బురోలు పాట నాకిప్పటికీ ప్రాణమే. పెళ్ళయ్యాక రుబ్బాడా అని అడిగినందుకు దాని తీపి తగ్గలేదు. మన అమ్మ చేసిన కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మాత్రాన అమ్మ మీద ప్రేమ తగ్గుతుందా?

ఇంకో వైపు మా అమ్మాయి స్నేహితురాళ్ళున్నారు. పాత సినిమాలన్నీ ఆడవాళ్ళని అణగదొక్కేవే, అసలు చూడకూడదంటారు. వాళ్ళతోనూ నాకు పేచీయే. చూడకపోతే నానమ్మతో దేని మీద మాట్లాడతారమ్మా? సుభద్ర రోషం, మేరీ చిరాకు, గుండమ్మ గొంతు, ఇవన్నీ ఆ సినిమాల్లోవే కదా. తీసినవాళ్ళు అనుకుని పెట్టారో లేదో, అక్కడ ఉన్నాయి. వెతుక్కోవడం మన పని. పాత సినిమాని పూజగదిలో పెట్టినా, అటక మీద పడేసినా మనకి పనికిరాదు. నట్టింట్లో ఉంటేనే ఉపయోగం.

ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను, అనుభవం మీద. ఆపినప్పుడు సినిమాలో మనిషి గురించే మాట్లాడండి. "మీరూ అంతే కదా" అని ఎదుటివాళ్ళ వైపు వేలు చూపించారో, అంతే సంగతులు. అత్తగారు లేచి దేవుడి గదిలోకి వెళ్ళిపోతారు, భర్త ఫోన్ తీస్తారు, పిల్లలు చెవుల్లో తీగలు పెట్టేసుకుంటారు. రేవతిని రేవతిగానే తిట్టండి. తగలాల్సిన చోట అదే తగులుతుంది, తగిలినవాళ్ళకి పరువూ దక్కుతుంది.

వచ్చే ఆదివారం 'మిస్టర్ పెళ్ళాం' అనుకుంటున్నాం. ఉద్యోగం పోయిన మొగుడు ఇంట్లో, పెళ్ళాం ఆఫీసులో. ఈసారి రిమోటు మా వారి చేతికిద్దామని మా అమ్మాయి పట్టు. ఆయన ఎక్కడ ఆపుతారో చూడాలని నాకూ ఉంది. గోరుచిక్కుళ్ళు రెండు కిలోలు తెమ్మని ఇప్పుడే చెప్పాను. ఈనెలు తీసే పని కూడా ఆయనకే.

మరి మీ ఇంట్లో ఏ సినిమా, ఏ సన్నివేశం దగ్గర ఆగుతుంది? మీ అత్తగారో, అమ్మో ఎక్కడ ఆపుతారు? ఇన్నాళ్ళూ అడిగి ఉండకపోతే, ఈ ఆదివారం రిమోటు వాళ్ళ చేతిలో పెట్టి చూడండి.